ఇరుసు చుట్టూ ఉన్నవి

గుడివాడ దగ్గర మా ఊళ్లో మా నాన్న ఎడ్లబండికి కందెన పెట్టేటప్పుడు నేను లాంతరు పట్టుకుని పక్కన నిలబడేవాణ్ణి. వరిగడ్డి కాల్చిన మసిని ఆముదంలో నూరి, వెదురు గొట్టంలో నింపి బండి కింద వేలాడదీసేవారు. నాన్న కడశీల ఊడదీసి, చక్రాన్ని బెత్తెడు ముందుకు లాగి, ఇరుసుకు కందెన పట్టించి మళ్లీ వెనక్కి నెట్టేవాడు. అంతకుముందు బండి కింద మోపు పెట్టి, అది కదలదని నమ్మకం కుదిరేదాకా ఊపి చూసేవాడు. ఆ ఊపడం నాకు ఇప్పటికీ కళ్ల ముందుంది. అరవై ఏళ్ల తరవాత మిషిగన్‌లో, మా ఇంటి ముందు సిమెంటు నేల మీద, కారు ముందు ఇరుసు మార్చే ముందు నేనూ అలాగే ఊపి చూస్తున్నాను.

ఇక్కడికి 1988లో వచ్చాను. అంతకు ముందు తొమ్మిదేళ్లు విజయవాడ ఆటోనగర్‌లో లారీల వర్క్‌షాపులో పనిచేశాను. ఇక్కడ కారు విడిభాగాలు తయారుచేసే ఫ్యాక్టరీలో కొలతలు తనిఖీ చేసే పనిలో చేరి, అందులోనే రిటైరయ్యాను. ఇప్పటిదాకా సొంత కార్లకూ, మనవాళ్ల పిల్లల కార్లకూ కలిపి ఇరవైకి పైగా ఇరుసులు మార్చి ఉంటాను. ఎమ్మెస్ చదవడానికి వచ్చిన పిల్లలు పాత కరోలానో కామ్రీనో కొనుక్కుంటారు. కొన్నాళ్లకు అది మలుపులో టకటకమంటుంది. షాపులో చెప్పే కూలి వింటే వాళ్లకు గుండె జారిపోతుంది. అపార్ట్‌మెంట్ పార్కింగులో రిపేరు చేసుకోనివ్వరు. అప్పుడు ఎవరో ఒకరు మా ఇంటి దారి చెబుతారు.

పోయిన అక్టోబరులో మా అక్క మనవరాలు తన 2005 కరోలా వేసుకొచ్చింది. "తాతయ్యా, పని నేనే చేస్తాను. నువ్వు పక్కన ఉండి చెప్పు" అంది. ఆ రెండు రోజులూ ఆ పిల్లకు చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను. ఇందులో సగం నేను తప్పు చేసి నేర్చుకున్నవి.

1. శబ్దం విన్నంత మాత్రాన ఇరుసు కొనకండి

ఖాళీ పార్కింగు స్థలంలో స్టీరింగు ఒక పక్కకు పూర్తిగా తిప్పి, నెమ్మదిగా గుండ్రంగా నడపండి. టక్, టక్, టక్ మని చక్రం తిరిగే లెక్కకు తగ్గట్టు వినిపిస్తే ఇరుసుకు చక్రం వైపున్న బయటి కీలు అరిగినట్టు. ఎడమకు తిరిగేటప్పుడు వస్తే చాలాసార్లు కుడి చక్రం వైపుదే తప్పు, ఎందుకంటే మలుపులో బరువు బయటి చక్రం మీదికి పోతుంది. తిన్నగా పోతూ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు బండి ఒళ్లంతా వణికితే లోపలి కీలును అనుమానించాలి. వేగం పెరిగేకొద్దీ తుమ్మెద రొదలాగా ఊఁ మని మోగుతూ ఉంటే అది చక్రం బేరింగు.

నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో ఈ మూడోదాన్ని మొదటిదనుకున్నాను. రెండు వైపులా ఇరుసులు మార్చాను. రొద పోలేదు. రెండు వారాంతాలూ, చేతిలో ఉన్న డబ్బూ అయిపోయాక ఎడమ బేరింగు మారిస్తే బండి నోరు మూసుకుంది. అప్పటినుంచి చెవి చెప్పినదాన్ని కంటితో సరిచూడకుండా పానా పట్టను. టార్చి వేసి చక్రం వెనక చూడండి. కీలు మీది రబ్బరు బూటు చీలితే గ్రీజు చక్రం లోపలి అంచుకీ, స్ట్రట్‌కీ నల్లటి చారలా చిమ్మి ఉంటుంది. మా పిల్ల కారుకు కుడివైపు బూటు మీద వేలెడు చీలిక ఉంది. లోపల మిగిలిన గ్రీజును వేళ్ల మధ్య రుద్దితే ఇసుక గరగరలాడింది. ఆ చీలిక పడిన కొత్తలోనే చూసి ఉంటే కొత్త బూటూ, కాస్త గ్రీజూ వేసి ఊరుకునేవాళ్లం.

2. విప్పబోయే వస్తువు ఏ పని చేస్తుందో ముందు అర్థం చేసుకోండి

ఎడ్లబండి ఇరుసు బరువు మోస్తుంది, తిరగదు. దాని మీద చక్రం తిరుగుతుంది. కారు ముందు ఇరుసు పని దీనికి తలకిందులు. బరువు స్ట్రట్టూ, హబ్ బేరింగూ చూసుకుంటాయి. ఇరుసు చేసేదల్లా గేర్‌బాక్సు తిప్పుడును చక్రానికి అందించడమే. కాని ఆ చక్రం ఒక చోట ఉండదు. గతుకులకు పైకీ కిందికీ ఊగుతుంది, స్టీరింగుకు పక్కకు తిరుగుతుంది. వంగుతూనే తిప్పాలి, అదీ ఒకే వేగంతో. లారీల కింద పొడుగాటి షాఫ్టుకు ఉండే మామూలు క్రాసు జాయింటు ఎక్కువ వంచితే ఒక చుట్టులోనే రెండుసార్లు వేగం పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. స్టీరింగు తిప్పే చక్రాలకు అలాంటిది పెడితే మలుపు మలుపుకూ చేతుల్లో స్టీరింగు కొట్టుకుంటుంది.

1920ల్లో ఆల్‌ఫ్రెడ్ జెప్పా అనే ఫోర్డు ఇంజనీరు దీనికి ఒక దారి చూపించాడు. ఒక గిన్నె, దానిలో ఒక గుండు, రెంటికీ మధ్య గాళ్లలో ఆరు ఉక్కు గోళీలు, గోళీలను పట్టి ఉంచే ఒక పంజరం. ఇరుసు ఎంత వంగినా ఆ ఆరు గోళీలూ వంపుకు సరిగ్గా సగంలో ఉండే తలంలోకి వచ్చి నిలబడతాయి. అందుకే అటు వేగం ఎంతో ఇటు వేగమూ అంతే. 1959లో ఇంగ్లండులో వచ్చిన మినీ కారు ఈ కీలును మామూలు జనం కారులోకి తెచ్చింది. మన దేశంలో అంబాసిడర్, ఫియట్ రెండూ వెనక చక్రాలతో నడిచేవే. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక, ఆ తరవాతి ఏడాది ఆటోనగర్‌కు వచ్చిన మొదటి బండి కింద దూరి చూసిన లారీ మెకానిక్కులలో నేనూ ఉన్నాను. వెనక ఇరుసు పెట్టె లేకపోవడం చూసి మా మేస్త్రి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

గేర్‌బాక్సు వైపున్న లోపలి కీలు సాధారణంగా వేరే రకం. మూడు కాళ్ల మీద మూడు రోలర్లు, అవి ఒక గిన్నెలోని గాళ్లలో లోపలికీ బయటికీ జరుగుతుంటాయి. చక్రం పైకీ కిందికీ ఊగినప్పుడు ఇరుసు పొడవు సర్దుకోవడానికి ఆ జరుగుడు కావాలి. దీన్ని గుర్తుపెట్టుకోండి. కాసేపట్లో దీని అవసరం పడుతుంది.

3. మొత్తం మార్చాలా, బూటు చాలా?

మన దగ్గర బయటి కీలు ఒక్కటీ విప్పి మారుస్తారు, లేదా బూటు వేసి గ్రీజు పెడతారు. ఇక్కడ కూలి ఎక్కువ, అందుకే రెండు కీళ్లూ బిగించి ఉన్న ఇరుసును మొత్తంగా పడేసి మొత్తంగా పెడతారు. నా మాట అడిగితే, బూటు చీలినా శబ్దం రాని కారుకు, గ్రీజులో మట్టి దిగనంతవరకు, దానితోపాటు వచ్చిన కీలునే కడిగి, కొత్త బూటూ కొత్త గ్రీజూ వేయండి. కంపెనీవాళ్లు కొత్తగా పెట్టిన కీలు బాగా చేసినది. చవకరకం ఇరుసుల్లో కొన్ని, బ్రేకు మీద కాలుపెట్టి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు బండిని వణికిస్తాయి. శబ్దం మొదలయ్యాక మాత్రం గ్రీజుతో ఏమీ కాదు. గోళీల దారిలో గుంటలు పడ్డాక అవి పూడవు.

4. శనివారం పొద్దున్నే మొదలుపెట్టండి

ఆదివారం సాయంత్రం ఒక బోల్టు విరిగితే సోమవారం ఉద్యోగానికి ఎలా పోతారు? శనివారం పొద్దున అయితే విడిభాగాల దుకాణాలు తెరిచి ఉంటాయి, పెద్ద సాకెట్లూ టార్క్ రెంచీ డిపాజిట్ కట్టించుకుని అరువిస్తాయి కూడా. ఇంట్లో ఇంకో కారుండాలి, లేదా పిలిస్తే వచ్చే స్నేహితుడుండాలి. మొదటిసారి చేసేవాళ్లకు రోజంతా పడుతుందనుకోండి. వీడియోలో నలభై నిమిషాల్లో అయిపోతుంది గాని, ఆ కారు తుప్పు పట్టినది కాదు.

5. జాకీ ఎత్తడానికే

ఎత్తి ఉంచడానికి స్టాండు. ఇది చెప్పేటప్పుడు నేను నవ్వను, ఎదుటివాళ్లను నవ్వనివ్వను.

చదునైన సిమెంటు నేల ఉండాలి. తారు నేలయితే స్టాండు కాళ్ల కింద మందపాటి ప్లైవుడ్ ముక్క వేయండి, ఎండకు తారు మెత్తబడి కాళ్లు దిగబడతాయి. వెనక చక్రాలకు ముందూ వెనకా చెక్కలు. హ్యాండ్‌బ్రేకు. కారు పుస్తకంలో చూపించిన చోటే జాకీ, చూపించిన చోటే స్టాండు. సిమెంటు ఇటుకలు వద్దు. బోలుగా ఉండే ఆ ఇటుక నిలువునా పగిలేటప్పుడు ముందుగా చెప్పి పగలదు. బరువు స్టాండ్ల మీదికి దింపాక జాకీని కూడా ఊరికే తాకించి ఉంచండి, విప్పిన చక్రాన్ని తలుపు కింద పడుకోబెట్టండి. తరవాత బండిని రెండు చేతులతో ఊపండి. గట్టిగానే ఊపండి. అది పడేదయితే మీరు బయట ఉండగానే పడాలి.

మా పిల్ల ఊపింది. నేను ఇంకోసారి ఊపమన్నాను. "ఎన్నిసార్లు తాతయ్యా?" అంది. నాన్న ఎన్నిసార్లు ఊపేవాడో చెప్పాను.

6. పెద్ద నట్టు సడలించేది చక్రం నేల మీద ఉండగానే

ఇరుసు చివర ఉండే నట్టు చాలా బిగుతు. బండి గాల్లో ఉండగా నాలుగడుగుల పైపు వేసి లాగితే స్టాండ్ల మీద బండి ఊగుతుంది. కాబట్టి ముందే మూత తీసి, ఒకరు బ్రేకు తొక్కి ఉంచగా, పొడవాటి బారుతో సడలించండి. పూర్తిగా విప్పొద్దు. ఆ నట్టు బిగింపే బేరింగు రెండు భాగాలనూ దగ్గరగా పట్టి ఉంచుతుంది. అది వదులుగా ఉండగా బండి బరువు హబ్ మీద పెట్టి దొర్లిస్తే బేరింగు పోతుంది. పట్టు విడిందనిపించగానే ఆపి, అప్పుడు బండి ఎత్తండి.

2005 కరోలా నట్టు సాకెట్ 30 మిల్లీమీటర్లది, పన్నెండు మూలలది. దాని అంచును ఇరుసు గాడిలోకి నొక్కేసి ఉంటారు. ఆ నొక్కును సన్నటి ఉలితో పైకి లేపకుండా తిప్పితే ఇరుసు మర చెడుతుంది. పాత ఇరుసే కదా, పోతే పోనీ అనుకోవచ్చు. కాని మర పట్టేసిన నట్టు సగంలో ఆగిపోతే ఆ పూటకు పని కూడా అక్కడే ఆగిపోతుంది.

7. ఉప్పు తిన్న ఇనుముకు ఒక రాత్రి గడువు ఇవ్వండి

డెట్రాయిట్ నగరం కింద వెయ్యి అడుగులకు పైగా లోతున ఉప్పు గని ఉంది. చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు అక్కడినుంచీ వస్తుంది. ఆ ఉప్పునీళ్లు బండి అడుగుకు చిమ్మి, నాలుగైదు చలికాలాలకే బోల్టు తల గుండ్రంగా అరిగిపోయేలా తుప్పు పట్టిస్తాయి. హైదరాబాదులో గంటలో అయ్యే పని ఇక్కడ మూడు గంటలు పట్టేది ఈ తుప్పు వల్లే.

తుప్పు వదిలించే నూనెను ముందు రాత్రే కొట్టండి, పొద్దున మళ్లీ కొట్టండి. మరలను ఇనుప బ్రష్షుతో రుద్దండి. తిప్పేటప్పుడు కొంచెం సడలించి, మళ్లీ కొంచెం బిగించి, మళ్లీ సడలిస్తూ రావాలి. నట్టును పళ్లు బిగబట్టి ఒకే వైపు లాగేవాడే బోల్టు విరగ్గొడతాడు. లాగుతున్న చెయ్యికి బోల్టు చాలా చెబుతుంది. గట్టిగా ఉండి ఒక్కసారి టక్కుమని వదిలితే మంచిది. బంకలా సాగుతున్నట్టుంటే ఆపండి, అది తెగబోతోంది.

8. చెడినదాని పక్కన మంచివి నాలుగున్నాయి

నేను చెప్పదలచుకున్నది నిజానికి ఇదే. ఇరుసు ఎలాగూ చెడింది, పోతోంది. దాని చుట్టూ బ్రేకు గొట్టం, ఏబీఎస్ తీగ, బాల్ జాయింటు మీది రబ్బరు, గేర్‌బాక్సు నోటి దగ్గరి ఆయిల్ సీలు ఉన్నాయి. ఇవన్నీ ఈ పూట వరకూ బాగున్నవి. ఇంట్లో చేసుకునే పనిలో నష్టం ఎక్కువగా వీటికే జరుగుతుంది. మన కోపమంతా చెడినదాని మీద, మన సుత్తి దెబ్బ మాత్రం పక్కదాని మీద.

ఈ పనికి చాలా కార్లలో బ్రేకు కాలిపర్ విప్పనక్కరలేదు. విప్పాల్సి వస్తే తీగతో స్ప్రింగుకు కట్టండి. రబ్బరు గొట్టం మీద వేలాడదీస్తే పైకి ఏమీ కనబడదు, లోపల పొర చిట్లుతుంది. మీ బ్రేకు ఆ గొట్టంలోనే ఉంది. ఏబీఎస్ తీగకు ఉన్న చిన్న బ్రాకెట్టు బోల్టు ముందే విప్పేయండి, హబ్‌ను మోసే నకిల్‌ను బయటికి వంచినప్పుడు తీగ లాగబడకుండా ఉంటుంది. బాల్ జాయింటును విడదీయడానికి రెండు పళ్ల ఫోర్కు ఒకటి దొరుకుతుంది. దాన్ని కొడితే జాయింటు వస్తుంది, రబ్బరు చిరుగుతుంది. ఈ కరోలాలో ఆ బాధ లేదు. బాల్ జాయింటును లోయర్ ఆర్మ్‌కు ఒక బోల్టు, రెండు నట్లతో బిగించి ఉంటారు. అవి మూడూ విప్పి, ఆర్మ్‌ను కిందికి నొక్కితే నకిల్ మొత్తం పక్కకు వస్తుంది. రబ్బరు జోలికే పోనక్కరలేదు.

హబ్‌లోంచి ఇరుసును వెనక్కి నెట్టేటప్పుడు నట్టును ఇరుసు కొసతో సమానంగా ఉండేలా తిప్పి ఉంచండి. చెక్క అడ్డుపెట్టి దాని మీద కొట్టండి. బూటు మాత్రమే మార్చేవాళ్లకు ఆ మర మళ్లీ కావాలి.

9. ఇరుసును కడ్డీ పట్టుకుని లాగకండి

1996లో మా తోడల్లుడి కారు. బయటి వైపు హబ్‌లోంచి వచ్చేసింది. లోపలి వైపు గేర్‌బాక్సులోంచి రావడం లేదు. చీకటి పడుతోంది. ఇంట్లో భోజనానికి పిలుస్తున్నారు. నేను రెండు కీళ్ల మధ్య ఉండే కడ్డీని రెండు చేతులతో పట్టుకుని, కాలు తన్నిపెట్టి, బలం కొద్దీ లాగాను. వచ్చింది. నేను వెనక్కి పడ్డాను. చూస్తే నా చేతిలో కడ్డీ ఉంది, బూటు చిరిగి వేలాడుతోంది, మూడు రోలర్లూ మట్టిలో ఉన్నాయి, లోపలి గిన్నె మాత్రం గేర్‌బాక్సులోనే ఉంది.

జరుగుడు కోసం చేసిన కీలు అని రెండో పాఠంలో చెప్పాను కదా. లాగితే అది జరుగుతుంది, జరిగి జరిగి ఊడుతుంది. ఇరుసును గేర్‌బాక్సులో పట్టి ఉంచేది గిన్నె తోక మీద ఉండే చిన్న ఉక్కు రింగు. దాన్ని వదిలించాలంటే గిన్నెకూ గేర్‌బాక్సు ఒంటికీ మధ్య ఇనుప బారు పెట్టి, గిన్నెనే బయటికి తన్నాలి. గుంజడం పనికిరాదు, పొట్టిగా గట్టిగా ఒక దెబ్బ కావాలి. ఒక వైపు రాకపోతే గిన్నెను సగం చుట్టు తిప్పి మళ్లీ ప్రయత్నించండి.

ఆ రాత్రి నేను అక్కడితో ఆగి ఉండాల్సింది. ఆగలేదు. మిగిలిపోయిన గిన్నెను ఊడదీయాలని పెద్ద స్క్రూడ్రైవరు లోపలికంటా దోపి తన్నాను. గిన్నె వచ్చింది. దాంతోపాటు ఆయిల్ సీలు పెదవి మీద కంటికి సరిగా ఆనని గాటు పడింది. నేను చూడలేదు. కొత్త ఇరుసు వేసి, భోంచేసి, బండి ఇచ్చేశాను. మూడు వారాలకు ఆయన ఫోన్ చేసి, "అన్నగారూ, రెండో గేరు జారుతోంది" అన్నాడు. ఆటోమేటిక్ గేర్‌బాక్సు. నూనె బొట్టు బొట్టుగా దారి పొడుగునా కారిపోయింది. కొన్ని డాలర్ల సీలు నిర్లక్ష్యం చేసినందుకు గేర్‌బాక్సు మార్పించాల్సి వచ్చింది. ఆ డబ్బు నేనే కట్టాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

10. సీలు మీద చేయి పెట్టి చూడండి

ఇరుసు బయటికి వచ్చాక, వచ్చిందన్న సంతోషంలో కొత్తదాన్ని తోసెయ్యకండి. నోరు శుభ్రంగా తుడిచి, వేలికొసతో సీలు పెదవి చుట్టూ తడిమి చూడండి. మెత్తగా ఉండాలి. ఎక్కడైనా వేలికి తగిలితే, గట్టిపడితే, పగుళ్లుంటే మార్చేయండి. ఇరవై ఏళ్ల బండికి నేను అడక్కుండానే మారుస్తాను. పాతది ఎంత లోతున కూర్చుని ఉందో ముందు కొలిచి రాసుకోండి. కొత్తదాన్ని దాని వ్యాసానికి సరిపోయే పెద్ద సాకెట్‌నో, పైపు ముక్కనో ఆనించి, చుట్టూ సమంగా తట్టుతూ అంతే లోతుకు దింపండి. పెదవికి గేర్‌బాక్సు నూనె కాస్త పూయండి, పొడిగా ఉంటే మొదటి చుట్టులోనే చిరుగుతుంది.

మా పిల్ల కారు సీలు గట్టిపడింది. మార్చింది. మొదటిసారి ఒరిగిపోయింది, తీసి ఇంకోటి తెచ్చి వేసింది. దుకాణానికి రెండోసారి పోయి రావడానికి నలభై నిమిషాలు. శనివారం మధ్యాహ్నమే కాబట్టి సరిపోయింది.

11. పాతదీ కొత్తదీ పక్కపక్కన పడుకోబెట్టండి

కరోలా గేర్‌బాక్సు ఎడమ పక్కన ఉంటుంది, కాబట్టి కుడి ఇరుసు పొడవు, ఎడమది పొట్టి. పెట్టె మీద ఏం రాసి ఉన్నా పొడవు కొలవండి, రెండు చివర్లా పళ్లు లెక్కపెట్టండి. కొన్ని కార్లకు బయటి కీలు మీద ఏబీఎస్ కోసం పళ్ల చక్రం ఉంటుంది, పాతదానికి ఉంటే కొత్తదానికీ ఉండాలి. నా ఉద్యోగమంతా కొలతలతోనే గడిచింది, కాబట్టి ఇక్కడ నేను కొంచెం ఎక్కువ పట్టుబడతాను. ఒకసారి పెట్టెలో వేరే కారు ఇరుసు వచ్చింది. పళ్లు ఒకటి తక్కువ. లెక్కపెట్టకుండా సుత్తితో కొట్టి ఉంటే హబ్ కూడా పోయేది.

12. రింగు నోరు కిందికి

కొత్త ఇరుసు తోక మీది రింగుకు ఒక చీలిక ఉంటుంది. ఆ చీలిక కిందికి ఉండేలా తిప్పి దూర్చండి. అలా ఉంటే రింగు దానంతట అది మధ్యకు కూర్చుని సులభంగా నొక్కుకుంటుంది. ఇరుసును రెండు చేతులా తిన్నగా మోస్తూ, సీలు పెదవిని పళ్లతో గీరకుండా లోపలికి తీసుకుపోవాలి. ఇక్కడ ఇంకో మనిషి ఉంటే మేలు. చివర్న ఒక తోపు, టక్ మని చేతికి తెలుస్తుంది. అది దిగిందో లేదో చూడాలంటే గిన్నెను పట్టుకుని బయటికి లాగి చూడండి. గిన్నెను మాత్రమే. కడ్డీని వద్దు.

13. బిగింపుకు అంకె ఉంది, దాన్ని నమ్మండి

ఆటోనగర్‌లో మా మేస్త్రి చేతి అందాజుతో బిగించేవాడు, అది ఎప్పుడూ తప్పలేదు. ఆయన నలభై ఏళ్లు బిగించాడు. మనం ఏడాదికి ఒకసారి బిగిస్తాం. ఈ కరోలా ఇరుసు నట్టుకు 216 న్యూటన్ మీటర్లు, ఇక్కడి రెంచీ లెక్కలో 159 అడుగుల పౌండ్లు. అంటే 30 సెంటీమీటర్ల పానా చివర సుమారు 73 కిలోల మనిషి నిలబడినంత. చక్రం నట్లకు 103 న్యూటన్ మీటర్లు. మీ కారు పుస్తకంలో వేరే అంకె ఉంటుంది, అదే మీకు లెక్క.

తక్కువ బిగిస్తే బేరింగు రెండు ముక్కలు ఒకదానిమీద ఒకటి ఆడి అరుగుతాయి. ఎక్కువ బిగిస్తే మర సాగుతుంది. మా ఆవిడ లోపల కూర్చుని బ్రేకు తొక్కింది, మా పిల్ల రెంచీ లాగింది. టక్ మనగానే ఆపింది. కొత్త నట్టే వాడాం, నొక్కి వాడిన పాతదాన్ని మళ్లీ నొక్కకూడదు. నట్టు అంచును గాడిలోకి పంచితో దింపేటప్పుడు మా పిల్లకు చెప్పాను. పాత కరోలాల్లో ఇక్కడ ఒక పిన్ను ఉండేది, నట్టు టోపీలోంచి దూర్చి రెండు కొసలూ వంచేవాళ్లం. మా నాన్న బండికి కడశీల అదే. చక్రం దారిలో ఊడిపోకుండా మనిషి పెట్టుకున్న చివరి కాపలా. ఇప్పుడు ఆ కాపలా ఈ నొక్కు. పంచి దెబ్బ మొక్కుబడిగా వేయకు తల్లీ, లోహం గాడిలోకి దిగిందో లేదో దీపం వేసి చూడు అన్నాను. చూసింది. ఇంకో దెబ్బ వేసింది.

14. పోయిన నూనె పోయాలి

ఇరుసు తీసినప్పుడు గేర్‌బాక్సు నూనె కొంత కారుతుంది. కింద పళ్లెం పెట్టి, ఎంత కారిందో కొలిచి, పుస్తకంలో చెప్పిన రకమే అంతే పోయండి. వేరే రకం కలపొద్దు. కారిన నూనె కాలవలో పారబోయకండి, డబ్బాలో పోసి ఇస్తే విడిభాగాల దుకాణాలవాళ్లు తీసుకుంటారు. పాత ఇరుసును కొత్తదాని పెట్టెలోనే సర్ది తిరిగి ఇస్తే, కొనేటప్పుడు దానికి డిపాజిట్ కట్టించుకుని ఉంటే అది వెనక్కి వస్తుంది.

బండి దింపాక కదిల్చే ముందు బ్రేకు పెడల్‌ను గట్టిపడేదాకా తొక్కండి. కాలిపర్ కదిలించి ఉంటే మొదటి రెండు తొక్కులకు బ్రేకు ఉండదు.

15. అట్టముక్క

పని అయ్యాక అదే ఖాళీ పార్కింగు స్థలానికి పోయి, అదే మలుపు తిప్పండి. చక్రం నట్లు ఓ 50 మైళ్లు తిరిగాక మళ్లీ రెంచీతో సరిచూడండి. అది అయినా నాకు నిద్ర పట్టదు, తోడల్లుడి కారు దగ్గర్నుంచీ. అందుకని రాత్రి బండి ఆపిన చోట, ఇరుసు గేర్‌బాక్సులో దూరే చోటుకు సరిగ్గా కింద, తెల్లటి అట్టముక్క ఒకటి పరిపిస్తాను. మూడు రాత్రులు. సీలు కారేదయితే ఆ మూడింట్లో ఏదో ఒక పొద్దున బొట్టు కనబడుతుంది.

మా పిల్ల తన అపార్ట్‌మెంటుకు వెళ్లిపోయింది. రోజూ పొద్దున కాలేజీకి బయలుదేరే ముందు అట్ట ఫోటో తీసి పంపింది. మొదటి రోజు పొడిగా ఉంది. రెండో రోజు ఒక మరక కనబడితే ఫోన్ చేశాను. "తాతయ్యా, అది నా కాఫీ" అంది. వాసన చూడమన్నాను. చూసి, కాఫీయే అంది. మూడో రోజు రాత్రి ఆ ఊళ్లో మొదటి మంచు పడింది. ఫోటోలో అట్ట అంచులు తడిసి మెత్తబడి ఉన్నాయి. ఇరుసు కింద ఉన్న నడిమి భాగం మాత్రం పొడిగా, తెల్లగా ఉంది.